ఉడుకు డబ్బా మీద బట్ట

ఆ శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. కింద షెడ్డులో, మిల్లింగ్ మిషన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ సైదులు. అతనికి ఎదురుగా, ఇంటికీ షెడ్డుకూ యజమాని దేవానందం. జాబ్, అంటే మిషన్ పని, అప్పగించిన కంపెనీ తరఫున వచ్చి ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న విశ్వేశ్వరరావు. పైన వంటింట్లో దేవానందం భార్య రెబెక్క. ఆ పైకీ ఈ కిందికీ మధ్య, మెట్ల మీద, ఏ గదికీ చెందకుండా సాధన. డాబా మీది రూముల్లో కిరాయికి ఉంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు నలుగురూ ఏదో పరీక్షకని తెల్లవారకముందే వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఆ మాటకొస్తే సాధనను కూడా ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. నెలన్నర కిందట నకిరేకల్ అవతలి ఊరినుంచి ఒక బ్యాగుతో వచ్చింది. తల్లి సూర్యాపేటలో హాస్టల్ వంటమనిషి. పెద్దమ్మ రెబెక్క దగ్గర ఉండి పాలిటెక్నిక్ చదువుకొమ్మని పంపింది.

గొడవంతా ట్యాప్ విరగడంతో మొదలైంది. కంపెనీ పంపిన ఎనిమిది అల్యూమినియం దిమ్మల్లో ఏడింటి పని సాఫీగా అయిపోయింది. ఎనిమిదోదానిలో ఇంకా మూడు రంధ్రాలు మిగిలాయనగా, లోపల మరలు కోసే ఆ ఉక్కు పనిముట్టు ఫట్టున విరిగి దిమ్మలోనే ఇరుక్కుపోయింది. దేవానందం వచ్చి చూశాడు. మాట్లాడకుండా మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు. "తాళంచేతులు ఇచ్చి పో" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మిషన్ మీద పనిచేస్తున్న మనిషితో అన్న మాట అది. సైదులు జేబులోంచి తాళంచెవులు తీస్తుండగానే వీధిలో విశ్వేశ్వరరావు బండి ఆగిన చప్పుడైంది.

సాధనకు ఆ మిషన్ సంగతులు నేర్పింది సైదులే. సాయంత్రాలు పని సర్దుకునేటప్పుడు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పేవాడు. వినడానికి ఆమె మెట్ల మీద కూర్చునేది. అడగడం ఆమెకు రాదు. ఆ సంగతి తెలిసే అతను అడగకుండానే చెప్పేవాడు.

"ట్యాప్ లోపటికి దిగుడు పెద్ద పనితనం గాదు బిడ్డా. ఆగుడు, మళ్ళ ఎనకకు ఒచ్చుడు, గదే పనితనం."

ఆ దిమ్మల్లో రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. ట్యాప్ ఒక్క చుట్టు తిరిగితే ఒకటింపావు మిల్లీమీటరు దిగుతుంది. దిగవలసినంత దిగాక, అడుగు తగలడానికి మధ్య మూడు చుట్ల జాగా కూడా ఉండదు. ఆ లోపలే ట్యాప్‌ను తిప్పే స్పిండిల్ ఆగాలి, వెనక్కి తిరగాలి. వెనకటికి మోటారు ఆపేసినా స్పిండిల్ పంకాలాగా తనంతట తాను తిరుగుతూనే ఉండేది. అందుకని ఆ పని మిషన్ మీద చేయలేక, సైదులు ఒక్కో రంధ్రంలోనూ చేత్తోనే మరలు కోసేవాడు. మణికట్టు వాచి అన్నం కలుపుకోలేని రోజులు ఉండేవి. పోయిన ఏడాది ఎల్బీనగర్ నుంచి ఉపేంద్ర అనే మెకానిక్ వచ్చి, మోటారును అదుపుచేసే డ్రైవ్ బిగించాక కష్టం తీరింది. బొటనవేలితో బటన్ నొక్కితే స్పిండిల్ కనురెప్ప పాటులో ఆగి, ఎటు దిగిందో అటే పైకి వచ్చేస్తుంది.

"ఉరికే ఎద్దును గుంజి ఆపితే, దాని ఊపు యాడికో పోవాలె గద. గా ఊపు మొత్తం గీ డబ్బాల కొస్తది." అంటూ గోడకు బిగించిన చిల్లుల ఇనుప పెట్టెను చూపించేవాడు సైదులు. దానికి అతను పెట్టుకున్న పేరు ఉడుకు డబ్బా. స్పిండిల్‌ను ఆపిన ప్రతిసారీ ఆ డబ్బా కొంచెం వేడెక్కుతుంది. సాయంత్రం పని ఆగిపోయాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

ఆ వెచ్చదనమే సాధనను అటు లాగింది.

తొమ్మిది రోజులుగా వాన. డాబా మీద తీగ ఉంది, రేకు నీడ కూడా ఉంది. కానీ ఆమె వచ్చిన మొదటిరోజే రెబెక్క చెప్పింది, పైన మగపిల్లలు ఉంటారు, నీ లోపలి బట్టలు నలుగురి కళ్ళల్ల పడొద్దు అని. బాత్రూంలో కట్టిన తాడు మీద బట్టలు మూడు రోజులైనా ఆరవు, ముక్కిన వాసన వస్తాయి. తడివే వేసుకుని రెండు రోజులు తిరిగింది. ఒళ్ళంతా దురద. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుంది, హాస్టల్ వార్డెన్ ఫోన్లోంచి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అమ్మ గొంతు వినడమే సరిపోతుంది, ఇవన్నీ ఎక్కడ చెబుతుంది? సైదులు తాళం వేసి వెళ్ళాక, ఇంటివైపు తలుపులోంచి షెడ్డులోకి దిగి, లోపలి లంగాను ఆ డబ్బా మీద పరిచింది. తెల్లారేసరికి పొడిపొడిగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. దాన్ని చెంపకు ఆనించుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ ఊరొచ్చాక వెచ్చగా తగిలిన మొదటి వస్తువు అదే.

అప్పటినుంచి రోజూ ఆరేసేది, సైదులు రాకముందే తీసేసేది. ఈ పొద్దున మాత్రం రెబెక్క పాలకు పంపింది. చంపాపేట్ రోడ్డు దాకా నీళ్ళలో నడిచి వచ్చేసరికి షెడ్డు తెరిచి ఉంది, సైదులు మిషన్ ముందు నిలబడి ఉన్నాడు. మగమనిషి కళ్ళముందు వెళ్ళి ఆ బట్ట ఎలా తీస్తుంది? మధ్యాహ్నం అతను అన్నానికి కూర్చున్నప్పుడు తీద్దాములే అనుకుంది. అంతలోనే ట్యాప్ విరిగింది.

విరిగిన క్షణంలో ఆమె మెట్ల దగ్గరే ఉంది. సైదులు బొటనవేలు బటన్ మీద పడటం చూసింది. ఆలస్యమేమీ కాలేదు. స్పిండిల్ మాత్రం ఆగలేదు, తనపాటికి తాను తిరుగుతూ పోయింది. డ్రైవ్ తెరమీద రెండు ఎర్ర అక్షరాలు వెలిగాయి. సైదులుకు ఇంగ్లీషు అక్షరాలు రావు. దేవానందం స్విచ్ కొట్టేశాక అవి ఆరిపోయాయి, ఇంకెవరూ చూడలేదు. ఆ అక్షరాల అర్థం సాధనకు తెలుసు. ఆ ఇంట్లో ఆమెకు చదువుకోవడానికి దొరికిన రెండు పుస్తకాల్లో ఒకటి బైబిలు, రెండోది డ్రైవ్‌తో వచ్చిన సన్న పుస్తకం. ఆపేటప్పుడు పుట్టిన కరెంటు ఉడుకు డబ్బాలోకి పోవడానికి దారి లేకపోతే డ్రైవ్ చేతులెత్తేసి స్పిండిల్‌ను దాని మానాన వదిలేస్తుందని అందులో ఉంది.

గొడవ సద్దుమణిగి దేవానందం మంచినీళ్ళకు పైకి వెళ్ళినప్పుడు, సైదులు వీధిలోకి వెళ్ళి, బండి నిలుపుకుంటున్న విశ్వేశ్వరరావు దగ్గర నిలబడినప్పుడు, ఆమె గోడ దగ్గరికి పోయి బట్ట తీసింది. గాలి ఆడక డబ్బా మాడిపోయింది. పక్కనుంచి వచ్చే తీగె నల్లబడి తెగి వేలాడుతోంది. లంగా మీద డబ్బా చిల్లులు వరసలు వరసలుగా గోధుమరంగు చుక్కలై అచ్చుపడ్డాయి. దాన్ని మడిచి పైకి తీసుకెళ్ళి తన బ్యాగులో అడుగున పెట్టి, దేవానందం కిందికి దిగాక వంటింట్లోకి వెళ్ళింది.

"పెద్దమ్మా, జర ఒక మాట."

"ఆ సారుకు చాయ్ పెడుతున్న. గ్లాసులు కడుగు" అంది రెబెక్క వెనక్కి తిరగకుండానే.

సాధన సింకు వైపు తిరిగింది. మనిషి ముఖం చూసి చెప్పడం కంటే గ్లాసుల వైపు చూసి చెప్పడం సులువనిపించింది. తక్కువ మాటల్లోనే చెప్పేసింది. చెప్పడం అయిపోయేసరికి అదే గ్లాసును మూడోసారి కడుగుతోంది.

రెబెక్క కేకలు వేయలేదు. స్టవ్వు మంట తగ్గించింది.

"ఎన్ని రోజుల సంది?"

"వాన పట్టుకున్న కాన్నుంచి."

"మొగోళ్ళు పనిచేసే కాడ."

"డాబా మీద వద్దన్నవ్ గద పెద్దమ్మా. బాత్రూంల ఆరుతలేవు."

"నన్ను అడగొద్దా?"

ఆ ఇంట్లో ఒక మాట ఎట్లా మొదలుపెట్టాలో ఆమెకు ఈ నెలన్నరలో తెలియనే లేదు. టీ పొంగబోతుంటే రెబెక్క గిన్నె పైకి లేపింది.

"ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె ఆ సారుకు? మా పోరి లంగా ఆరేసింది, అందుకే మీ జాబ్ కరాబైంది అనాలెనా? రేపు చర్చిల నా మొకం ఏడ పెట్టుకోను? నోరు మూసుకొని ఉండు. రాత్రికి మీ పెద్దనాయినకు నేనే చెప్త, ఎట్ల చెప్పాల్నో అట్ల."

"రాత్రికి సైదులు కాక ఉండడు గద."

"సైదులుకేంది. చేతుల పని ఉన్నోడు. బాలానగర్ పోతే యాడన్నా పెట్టుకుంటరు."

"యాభై ఆరేండ్లు పెద్దమ్మా. ట్యాప్ ఇరగ్గొట్టి జాబ్ పాడుజేసిండని పేరుబడ్డంక ఎవరు పెట్టుకుంటరు?"

ఆ ఇంటికి వచ్చాక సాధన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. రెబెక్క ఆమెను తేరిపార చూసింది. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది.

"సోమవారం నీ పాలిటెక్నిక్ సీటు కాడికి నేనే ఒస్తనని మీ అమ్మకు మాటిచ్చిన. నాతోని ఆ మాట తప్పియ్యకు" అని, మూడు గ్లాసులు పెట్టిన పళ్ళెం చేతికిచ్చింది. "చాయ్ ఇచ్చి ఒచ్చెయ్. గంతే."

పదమూడు మెట్లు. ప్రతి మెట్టు మీదా సాధన ఒక మాట తయారుచేసుకుంది, తర్వాతి మెట్టు మీద దాన్ని వదిలేసింది.

కింద విశ్వేశ్వరరావు మాట్లాడుతున్నాడు. కృష్ణా జిల్లా మనిషి, ఏ మాటైనా నెమ్మదిగా, పెళ్ళిలో వడ్డన చేస్తున్నట్టు మాట్లాడతాడు.

"నాకు కాగితం మీద ఒక్క ముక్క చాలండి దేవానందం గారూ. మనిషి తప్పా, మిషను తప్పా? మనిషిదైతే మనిషిని మార్చారని రాసేస్తాను, మిగతా దిమ్మలన్నీ మీకే వస్తాయి. మిషనుదంటే మాత్రం మా మేనేజరు గారు ఇంకో షెడ్డు చూసుకోమంటారు. నా చేతిలో ఏం లేదండి."

"మనిషిదే సార్" అన్నాడు దేవానందం. "మొదటి సంది గీ డ్రైవ్ అంటే పడది ఈయనకు. చేతితోని తిప్పుడే ఇష్టం."

"పడకపోతే పొద్దుగాల సంది నూటా ఇరవై అయిదు ఎట్ల కోసిన సేటు?" సైదులు గొంతు పెంచలేదు.

"నూటా ఇరవై ఆరోది?"

"నొక్కిన. ఆగలె."

"ఎందుకు ఆగలె? చెప్పు. నువ్వే చెప్పు."

సైదులు గోడవైపు చూడబోయి, చూపు నేలకు దించుకున్నాడు. "ఏమో సేటు."

సాధన పళ్ళెం ముందుకు చాపింది. విశ్వేశ్వరరావు గ్లాసు అందుకుని, "పంచదార తక్కువేశారా తల్లీ, షుగరు మనిషిని" అన్నాడు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు, చక్కెర ఎంత పడిందో ఆమె చూడలేదు. పళ్ళెం ఖాళీ అయింది. ఇక వెళ్ళిపోవాలి. మెట్ల వైపు తిరిగి, మళ్ళీ వాళ్ళ వైపే తిరిగింది.

"తెర మీద ఓ, యూ అని ఒచ్చింది."

దేవానందం తల తిప్పాడు. "ఏందే?"

"ట్యాప్ ఇరిగినప్పుడు, పెద్దనాయిన. నేను చూసిన. కాక టైముకే నొక్కిండు."

"ఓయూ అంటే ఉస్మానియా యూనివర్సిటీయా?" అని నవ్వబోయిన విశ్వేశ్వరరావు, ఎవరూ నవ్వకపోవడంతో గ్లాసు కింద పెట్టాడు. "ఏంటమ్మా దానర్థం?"

"ఆపేటప్పుడు పుట్టిన కరెంటు పోనీకి తొవ్వ లేకుంటే అట్ల ఒస్తది సార్. అప్పుడు స్పిండిల్ ఆగది. పుస్తకంల ఉంది."

"ఆ పుస్తకం చదివావా నువ్వు? దేవానందం గారూ, మీ అమ్మాయా?"

"మా మరదలు బిడ్డ" అన్నాడు దేవానందం. ఎవరి వస్తువో తెలియక పక్కన పెట్టినదాని గురించి చెబుతున్నట్టుంది ఆ గొంతు.

"అయితే మిషనుదే అన్నమాట" అని విశ్వేశ్వరరావు లేచాడు. ఫోన్ చెవిన పెట్టుకుని షటర్ వైపు నడిచాడు. దేవానందం ముఖం పాలిపోయింది. "సార్, చిన్నపోరి మాట పట్టుకొని పరేషాన్ గాకుండ్రి సార్, జర నా మాట ఇనుండ్రి" అంటూ వెనకాలే వెళ్ళాడు. ఇద్దరూ వాన జల్లు పడని అంచున నిలబడ్డారు. ఒకరు ఫోన్లో మాట్లాడుతుంటే ఇంకొకరు చేతులతో మాట్లాడుతున్నారు.

మిషన్ దగ్గర సైదులూ సాధనా మిగిలారు.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

"నిజం గద కాక. ఇంకొకటి ఉంది. ఆ డబ్బా మీద నేను..."

"నాకెర్కే."

సాధన అతని ముఖంలోకి చూసింది. అతను ఆమెను చూడటం లేదు. దిమ్మలో విరిగిన ట్యాప్ మొదలును వేలితో తడుముతున్నాడు.

"పొద్దుగాల ఒస్తనే చూసిన. డబ్బాకు గాలి ఆడాలె, దాని మీద ఏం పెట్టొద్దని ఉపేంద్ర నాకు చెప్పే పోయిండు. తియ్యాలె. కని ఆడపిల్ల బట్ట, ఎట్ల ముట్టుకుంట? నిన్ను పిలుద్దామంటే, ఏమని పిలవాలె? నువ్వే ఒచ్చి తీస్కపోతవ్ అని ఊకున్న. ఒక దిమ్మ అయింది. రెండైనయ్. నడుమల కమురు వాసన గూడ ఒచ్చింది. గప్పుడన్నా ఆపాలె. ఆపలె."

వాన రేకుల మీద మోగుతోంది. పొద్దుటినుంచీ తను మెట్ల మీద అతను లేస్తాడేమోనని ఎదురుచూసింది. అతను మిషన్ దగ్గర తను వస్తుందేమోనని ఎదురుచూశాడు. ఇద్దరి మధ్యా పది అడుగులు. సిగ్గుపడి ఇద్దరూ నోరెత్తలేదు, ఆ పది అడుగుల్లో డబ్బా మాడిపోయింది.

"మరి మనిద్దరిది కాక. ఇద్దరం చెప్దాం."

"చెప్తే ఏమైతదో ఎర్కనా నీకు? రేప్పొద్దున గీ గల్లీల ప్రతి షెడ్డుల గిదే ముచ్చట. దేవానందం ఇంట్ల పోరి లంగా అని నవ్వుకుంట చెప్పుకుంటరు. మూడేండ్లు గీ తొవ్వలనే కాలేజికి పోవాలె నువ్వు. నాకూ ఇద్దరు బిడ్డలున్నరు. నాకెర్కలేదా?"

"పని పోతే నువ్వేం జేస్తవ్?"

అతను దిమ్మ మీది అల్యూమినియం రజనును చేత్తో పక్కకు తుడిచాడు.

విశ్వేశ్వరరావు ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగి వచ్చాడు. దాన్ని అరచేత్తో మూసి, "మేనేజరు గారు లైన్లోనే ఉన్నారు. అమ్మాయ్, కరెంటు పోవడానికి దారి ఎందుకు లేకుండా పోయిందో అది కూడా చెప్పేయ్, ఆయనకు అదే కావాలంట" అన్నాడు. అతని వెనక దేవానందం, వద్దన్నట్టు ఆమెకు కళ్ళతోనే సైగ చేస్తున్నాడు.

ముగ్గురు పెద్దమనుషులు ఆమె మాట కోసం ఆగి ఉన్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగని పిల్లను ఇప్పుడు అడుగుతున్నారు. సాధన ఖాళీ పళ్ళేన్ని గుండెలకు హత్తుకుంది. మాట పైకి వచ్చింది.

"ఆ డబ్బా మీద..."

సైదులు వాళ్ళకూ ఆమెకూ మధ్యకు వచ్చాడు. ఆమెను ముట్టుకోలేదు. ఊరికే ముందుకు నడిచాడు. అతను ఒక అడుగు వేస్తే ఆమె ఒక అడుగు వెనక్కి వేయక తప్పలేదు. అలా నాలుగు అడుగులు. మడమకు ఇంటివైపు తలుపు గడప తగిలింది, దాన్ని దాటేసింది.

"రాసుకోండ్రి సార్" అన్నాడతను తల వెనక్కి తిప్పి, అవతల ఫోన్లో ఉన్న మనిషికి కూడా వినబడేటంత స్పష్టంగా. "మిషన్ మంచిగనే ఉంది. తప్పు మనిషిదే. సైదులుది."

"కాదు" అంది సాధన. వానలో ఆ మాట ఆమెకే సరిగ్గా వినబడలేదు. "కాక, కాదు."

అతను ఆమె వైపు తిరిగాడు. ఈసారి గొంతు ఆమె ఒక్కదానికే వినబడేటట్టు తగ్గించాడు.

"పైకి పో బిడ్డా. మళ్ళ ఈడికి రాకు."

ఆ తలుపుకు షెడ్డు లోపలివైపు గడియ ఉన్న సంగతి సాధనకు అంతవరకు తెలియదు. ఆమె ముఖానికి జానెడు దూరంలో తలుపు మూసుకుంది. తుప్పుపట్టిన గడియ ఒకసారి మొరాయించింది, రెండోసారికి పడింది.